అత్తయ్య మగ్గం ఆపింది

మా అత్తయ్యకి గుసగుసలాడటం రాదు. అది ఆవిడ తప్పు కాదు. పెళ్ళయిన కొత్తలో మిల్లులో మరమగ్గం ముందు నిలబడిన మనిషి, జుట్టు నెరిసినా అక్కడే నిలబడి ఉంది. ఆ షెడ్డులో మగ్గాలన్నీ ఆడుతుంటే పక్కన గోడ కూలినా దుమ్ము లేచాకే తెలుస్తుంది. అక్కడ అన్నేళ్ళు చెవులు అరగదీసుకున్నావిడని "కాస్త మెల్లిగా అత్తయ్యా" అంటే, "మెల్లిగానే కదమ్మా చెబుతున్నాను" అని మూడో ఇంటికి వినపడేలా అంటుంది.

మామూలు రోజుల్లో ఇదేమంత ఇబ్బంది కాదు. మా చుట్టాల్లో ఎవరు ఎవరిని ఏమన్నారో వీధికంతా తెలిసేది, అంతే. కానీ ప్రార్థన చేసుకోవడం నేరమైపోయిన ఊళ్ళో, గుసగుసలాడటం రాని అత్తగారితో కాపురం చేసి చూడండి, తెలుస్తుంది.

మొదట మా ప్రార్థన మందిరానికి తాళం వేశారు. తర్వాత పాస్టరుగారిని ఏదో మాట్లాడాలని తీసుకెళ్ళారు. ఆయన తిరిగి రాలేదు. ఎక్కడున్నారో పాస్టరమ్మగారికి కూడా చెప్పలేదు. ఆ తర్వాత ఒక కమిటీ వెలిసింది. ఊళ్ళో మిగిలిన విశ్వాసుల్ని ఒక్కొక్కరినీ సరిదిద్దడం దాని పని. దాని పెద్ద ఎప్పుడు చూసినా చేతిలో మైకుతోనే కనపడేవాడు. ఎదురుగా ఒక్కడే మనిషి ఉన్నా మైకులోనే మాట్లాడేవాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరేమిటో గానీ మేమంతా మైకాయన అనేవాళ్ళం, ఆయన మైకు కట్టేసి దూరంగా ఉన్నప్పుడు.

మందిరం పోయాక ప్రార్థన మా వంటింట్లోకి వచ్చింది. మాది మిల్లువాళ్ళు అత్తయ్యకిచ్చిన క్వార్టరు. ముందు రెండు గదులు చెప్పుకోదగ్గవి కావు. వంటిల్లు మాత్రం చెప్పుకోవాలి. గట్టు సరిగ్గా నా ఎత్తుకి ఉంటుంది, నా కొలతలు తీసుకుని కట్టినట్టు. పొద్దున్నపూట ఎండ నేరుగా కుళాయి మీద పడుతుంది. ఇంత చదువు చదివి ఏం సాధించావే అని మా అన్నయ్య వెక్కిరించినప్పుడల్లా నేను ఆ వంటిల్లు చూపించేదాన్ని.

అక్కడ కొద్దిమందిమి తలుపులేసుకుని కూర్చునేవాళ్ళం. అందరూ పెదవి చివర ప్రార్థన చేసేవాళ్ళు. అత్తయ్య వంతు వచ్చి "ప్రభువా!" అనగానే స్టాండులో గిన్నెలు మోగేవి. నేను లేచి మిక్సీ వేసేదాన్ని. అందులో ఏమీ ఉండేది కాదు. అత్తయ్య ప్రార్థన ఎంతసేపైతే అంతసేపూ ఖాళీ మిక్సీ తిరిగేది. ఎదురింటావిడ ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"అంతసేపు ఏం రుబ్బుతారండీ మీరు?"

"మా అత్తయ్యకి ఏదైనా బాగా మెత్తగా ఉండాలండీ" అన్నాను.

కొన్నాళ్ళకి మిక్సీ పొగలు కక్కి ప్రాణం విడిచింది. విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షుల్లో మా సంఘం తరఫున మొదటిది అదే.

ఆ తర్వాత దారి అత్తయ్యే కనిపెట్టింది. షెడ్డులో ఆడవాళ్ళు గొంతుతో మాట్లాడుకోరు. ఆ చప్పుడులో గొంతు దేనికీ పనికిరాదు. పెదాలు పెద్దగా, నిదానంగా కదుపుతూ, చాలనప్పుడు చెయ్యి ఊపుతూ మాట్లాడుకుంటారు. ఈ చివర నిలబడి ఆ చివర ఉన్నావిడని ఇవాళ కూరేమిటని అడగొచ్చు, జవాబు చూసి మొహం చిట్లించొచ్చు. ఆ విద్య ఆవిడ నాకూ నేర్పింది. ఇంటికి చుట్టాలొస్తే, వాళ్ళ వెనక నిలబడి "ఇంకా ఎంతసేపట?" అని అత్తయ్య పెదాలతో అడిగేది. "భోంచేసే కదులుతారట" అని నేను చెప్పేదాన్ని. అత్తాకోడళ్ళం ఇంత సఖ్యంగా ఎలా ఉంటామా అని ఊళ్ళోవాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు.

అదే పద్ధతిలో షెడ్డులో ఆరాధన మొదలైంది. చేతులు పోగులు సరిచూస్తుంటే పెదాలు కీర్తన పాడేవి. అత్తయ్య ఒక చరణం అందుకుంటే, మూల కూర్చుని దారం కండెలకి చుట్టే పిన్ని తర్వాతి చరణం అందుకునేది. కండెల పిన్ని మా పక్కింట్లోనే ఉండేది. బంధుత్వం ఏమీ లేదు, షెడ్డంతటికీ ఆవిడ పిన్నే. నిండు ఆరాధన మధ్యలోంచి మేస్త్రీ ముక్కు గోక్కుంటూ నడిచి వెళ్ళేవాడట, ఏమీ తెలియకుండా. గుసగుసలాడటం రాని మనిషి ఊళ్ళోకెల్లా నిశ్శబ్దమైన ఆరాధన నడిపింది. నాకు నవ్వూ వచ్చేది, గర్వంగానూ ఉండేది.

కమిటీ చివరికి మిల్లుకీ వచ్చింది. విశ్వాసులని తెలిసినవాళ్ళని ఒక్కొక్కరినీ గేటు దగ్గర నిలబెట్టి, మైకు నోటి దగ్గర పెట్టి ఒకే ఒక్క మాట చెప్పమనేవాళ్ళు: "నేను యేసుని వదిలేశాను." వీధికంతా వినపడాలని స్తంభానికి లౌడ్‌స్పీకరు కట్టారు. చెప్పినవాళ్ళకి పనీ క్వార్టరూ ఉంటాయి. చెప్పనివాళ్ళకి రెండూ ఉండవు.

మొదట పిలిచింది కండెల పిన్నిని. ఆవిడ భర్త మంచం పట్టి ఏళ్ళవుతోంది. పిన్ని ఆ మాట చెప్పేసింది. చాలా చిన్న గొంతుతో చెప్పింది. లౌడ్‌స్పీకరు దాన్ని పెద్దది చేసి వీధి వీధంతా పంచింది.

ఆరోజు సాయంత్రం అత్తయ్య గిన్నెలో సూపు పోసుకుని పక్కింటికి వెళ్ళింది. వచ్చాక అడిగాను.

"పిన్నితో ఏమన్నారు అత్తయ్యా?"

"ఏమంటాను? ఆయనకి తాగించి, గిన్నె కడుక్కుని వచ్చాను."

"పిన్ని ఏమంది?"

"తలెత్తితేగా. నువ్వు కూడా ఆవిణ్ణి ఏమీ అనకు. నాకూ భయమే. నామీద పడి బతికే రోగి లేడు, అంతే తేడా."

అప్పటినుంచి షెడ్డులో పిన్ని తల దించుకునే ఉండేదట. అక్కడ తల దించుకోవడమంటే చెవులు మూసుకోవడమే.

తర్వాతి వంతు అత్తయ్యదని అందరికీ తెలుసు. ఒక మధ్యాహ్నం మేనేజరుగారు మా ఇంటికి వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరి పని తీసేయాల్సి వచ్చినా ముందు "అయ్యో పాపం" అనేవాడు, తర్వాత తీసేసేవాడు. అందుకని ఆయన పేరు అయ్యోపాపం అయింది. కుర్చీలో కూర్చుని ఇల్లంతా ఒకసారి చూశారు.

"అయ్యో పాపం" అన్నారు. ఇక సామాన్లు సర్దుకోవడమే అనుకున్నాను.

"మీలాంటి పనిమంతురాలిని పోగొట్టుకోవడం నాకిష్టం లేదమ్మా" అన్నారు అత్తయ్యతో. "ఒక ఉపాయం ఆలోచించాను. గేటు దగ్గర వద్దు, పని ఆగిపోతుంది, షెడ్డులోనే అడగండి అని మైకాయనకి చెప్పాను, ఒప్పుకున్నాడు. మగ్గాలు ఆడుతూనే ఉంటాయి. అక్కడ ఎవరికేం వినపడుతుంది? మీరు ఊరికే పెదాలు కదపండి. కూరగాయల పేర్లు చెప్పుకోండి, నాకేం? నేను దగ్గర నిలబడి, చెప్పింది, విన్నాను అంటాను. అయిపోయింది!"

ఇంత తెలివి ఆయనలో ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. లేచి వెళ్ళి టీలో ఇంకో చెంచా చక్కెర వేశాను.

"చూద్దాం బాబూ" అంది అత్తయ్య.

ఆయన వెళ్ళాక మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన లారీ నడుపుతారు, అప్పుడు ఎక్కడో దూరాన ఉన్నారు. సంగతంతా సంబరంగా చెప్పాను.

"అమ్మ ఏమంది?"

"చూద్దాం అంది."

అటునుంచి లారీ ఇంజను ఆపిన చప్పుడు వినపడింది.

"అయితే లోడు దింపేసి లారీ తీసుకొచ్చేస్తాను."

"లారీ ఎందుకు?"

"సామాన్లకి."

తల్లి గురించి కొడుక్కి తెలిసినంత కోడలికి తెలియదంటారు. ఫోన్ పెట్టేసి నేను వాదనకి దిగాను. అత్తయ్య తువాలు మడత పెడుతోంది.

"ఇందులో మీరు ఆడే అబద్ధం ఏముంది అత్తయ్యా? ఆడేది మేనేజరుగారు. ఆయనకి అలవాటే."

"అందరూ వింటారు కదే."

"ఎవరు వింటారు? అంత చప్పుడులో!"

"ఆయన ఆఫీసు గదిలో మనిషి, ఆయనకది చప్పుడు. మాకు చప్పుడెక్కడిది? నేను పెదాలు కదిపితే షెడ్డులో ఉన్నవాళ్ళంతా వింటారు. నీ ప్రభువు సంగతేమిటని అడిగితే ఈవిడ వంకాయ అందేమిటి అనుకోరూ?"

నాకు నవ్వాగలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"మరి ఏం చెబుతారు?"

"ఉన్నదే చెబుతాను. వాళ్ళకి వినపడకపోతే నేనేం చేయను?"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ నిజం చెబుతుంది, మేనేజరుగారు అబద్ధం చెబుతారు, ఎవరి పని వాళ్ళు చేస్తే నా వంటిల్లు నాకుంటుంది. ఇంతకంటే న్యాయమైన పంపకం ఏముంటుంది?

మర్నాడు భోజనం డబ్బా ఇచ్చే వంకతో నేనూ షెడ్డులోకి వెళ్ళాను. మైకాయన అప్పటికే అత్తయ్య మగ్గం దగ్గరున్నాడు. గేటు దగ్గరి లౌడ్‌స్పీకరుకి పొడుగాటి తీగ లాగి మైకు పట్టుకొచ్చాడు. ఏదో గట్టిగా మాట్లాడుతున్నాడు, మెడనరాలు కనపడుతున్నాయి, మాట మాత్రం ఒక్కటీ వినపడటం లేదు. జీవితంలో మొదటిసారి ఆ మైకు ఓడిపోయింది. చుట్టూ ఆడవాళ్ళు చేతులు మగ్గాల మీదే ఉంచి, చూపులు అత్తయ్య మీద పెట్టారు. మూల కండెల పిన్ని కూడా తలెత్తింది.

మేనేజరుగారు అత్తయ్య వైపు తిరిగి, ఇక కానివ్వండి అన్నట్టు కనుబొమలెగరేశారు.

అత్తయ్య ఆయన్ని చూడలేదు. షెడ్డుని చూసింది. షెడ్డు భాషలో పెదాలు పెద్దగా, నిదానంగా కదిపింది. ప్రతి అక్షరం నాకు తెలిసింది.

"నేను యేసయ్య మనిషిని. చచ్చేదాకా ఆయన మనిషినే."

అవతలి వరుసలో ఒకావిడ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. పిన్ని చేతిలో కండె తిరగడం ఆగింది. మేనేజరుగారు మాత్రం మొహమంతా నవ్వు చేసుకుని, మైకాయన చెవిలో నోరు పెట్టి ఏదో అరిచి, బొటనవేలు పైకెత్తారు. మైకాయన మొహం వెలిగిపోయింది. అయిపోయింది. మా ఇల్లు నిలబడింది. నేను డబ్బా గట్టిగా పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాను.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. మైకాయనకి ఆనందం పట్టలేదు. ముందుకొచ్చి అత్తయ్య చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. వెనకున్న కమిటీవాళ్ళు చప్పట్లు కొట్టారు. చప్పుడు వినపడదు గానీ చేతులు కనపడుతున్నాయి. అత్తయ్య ఆ చేతుల్ని చూసింది. తనని ఎందుకు మెచ్చుకుంటున్నారో ఆవిడకి అర్థమవడం నేను చూశాను. ఎవరో తెలియని మనిషి వేసుకుని తిరిగిన చొక్కాని పొరపాటున తనకి తొడిగినట్టు అయింది ఆవిడ మొహం.

చెయ్యి విడిపించుకుంది. మగ్గం ఆపే కడ్డీ లాగింది.

పోగు తెగితే తప్ప ఆ షెడ్డులో ఎవరూ మగ్గం ఆపరు. పక్కావిడ చూసి తన మగ్గం ఆపింది. తర్వాత ఎదురు వరుసావిడ. అలా ఒక్కొక్కటే ఆగిపోతూ వచ్చాయి. అందరూ భక్తితో ఆపారనుకునేరు. సగం మంది ఏం జరుగుతోందో సరిగ్గా వినాలని ఆపారు. ఎందుకు ఆపినా ఆగాయి. పనివేళలో ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండటం అక్కడున్న పాతవాళ్ళకి కూడా తెలియదు.

"బాబూ, నువ్వు పొరపడ్డావు" అంది అత్తయ్య, తనకున్న ఆ ఒక్క గొంతుతో. మైకు ఇంకా మైకాయన చేతిలోనే ఉంది. ఆ మాట గేటు దాటి వీధిలోకి వెళ్ళిపోయింది. "నేను వదిలేశానని చెప్పలేదు. యేసయ్య మనిషిని అని చెప్పాను. ఈ ఆడవాళ్ళంతా విన్నారు, నువ్వే వినలేదు. మేనేజరుగారు నామీద జాలితో అలా అన్నారు, ఆయన్నేమీ అనొద్దు. నీమీద నాకు కోపం లేదు. నీకోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. కానీ చెయ్యని పనికి నన్ను మెచ్చుకోకు."

మైకాయన ఒక చెవి మూసుకున్నాడు. మేనేజరుగారు అలవాటు కొద్దీ "అయ్యో పాపం" అన్నారు. ఈసారి ఎవరి గురించో తెలియలేదు.

"మధ్యలో ఆపాను కదా, గుడ్డమీద చార పడుతుంది" అంది అత్తయ్య వంగి చూస్తూ. "అది నా తప్పే. ఈ గుడ్డ పూర్తి చేసి దిగుతాను."

అప్పుడు మైకాయన చూపు నామీద పడింది. ఓడిపోయినవాడికి ఇంకో ఆట దొరికినట్టయింది.

"చూడమ్మా, నువ్వు చదువుకున్నదానివి" అన్నాడు, మైకులోనే. "పెద్దావిడకి చాదస్తం. నువ్వొక్క మాట చెప్పు చాలు. క్వార్టరు నీ పేరున ఉంచుతాం. నీ వంటింట్లో పొయ్యి కూడా ఆరనక్కర్లేదు."

మైకు నా నోటి దగ్గరికి వచ్చింది. వంటిల్లు నా కళ్ళముందే నిలబడింది, గట్టూ కుళాయీ ఎండతో సహా. నా విశ్వాసం పుట్టింటి నుంచి స్టీలు సామాన్లతోపాటు నా వెంట వచ్చింది. వాటిలాగే తోమి పైన అటకమీద పెట్టి, ఆదివారం దింపేదాన్ని. ఇది నీదేనా అని నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అత్తయ్య ఇంట్లో ఉండగా నన్నెవరు అడుగుతారు?

అత్తయ్య వైపు చూశాను. ఆవిడ నావైపు చూడలేదు. తల బాగా వంచి పోగులు సరిచేస్తోంది. కావాలనే, తన పెదాలు నాకు కనపడకుండా వంచింది. నా మాట నాకే వదిలేసింది.

"మా అత్తయ్యకి చాదస్తం ఉందండీ, కాదనను" అన్నాను. "చేటలో బియ్యం నాలుగుసార్లు ఏరమంటుంది. ఇప్పుడు చెప్పింది మాత్రం చాదస్తం కాదు. నాదీ అదే మాట. నేనూ యేసయ్య దాన్నే."

గొంతు వణికింది. ఆ వణుకుని కూడా లౌడ్‌స్పీకరు పెద్దది చేసింది. మర్నాడు ఎదురింటావిడ కిటికీలోంచే "మీకు జలుబు చేసిందా?" అని అడిగింది.

మైకు వెనక్కి వెళ్ళింది. అత్తయ్య తలెత్తి మగ్గం మళ్ళీ వేసింది. షెడ్డంతా మళ్ళీ మోగడం మొదలైంది. నేను డబ్బా అత్తయ్య మగ్గం పక్కన పెట్టి ఇంటికొచ్చి, అన్నిటికంటే ముందు వంటిల్లు సర్దాను. కొంచెం ఏడ్చాను కూడా. ఉల్లిపాయలు అప్పటికే మూట కట్టేశాను కాబట్టి వాటిమీద నెట్టడానికి లేదు.

రెండు రోజుల్లో ఖాళీ చేయమన్నారు. మాకు ఎవరు సాయం పట్టినా వాళ్ళని కూడా మాలోనే లెక్కేస్తామని మైకాయన వీధిలో చాటింపు వేశాడు. అందుకని వీధిలో కర్టెన్లు మాత్రమే కదిలాయి. టీ కొట్టు దగ్గర కమిటీ మనుషులు ఇద్దరు కుర్చీలేసుకుని మా గుమ్మం వైపే తిరిగి కూర్చున్నారు.

మా ఆయన లారీ తెచ్చి, పైన నిలబడి సామాన్లు అందుకుంటున్నారు. చిన్నవన్నీ అత్తయ్యా నేనూ చేరవేశాం. పెద్దవాటిలో ముందు మామయ్య చేయించిన చెక్కమంచం పట్టుకున్నాం. అది ఈ ఇంట్లోకి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు, బయటికి మాత్రం రానంటోంది. నేనొక పక్క, అత్తయ్య ఒక పక్క పట్టుకుని ఆయాసపడుతుంటే వెనక తలుపులోంచి కండెల పిన్ని వచ్చింది. మాట్లాడలేదు. అత్తయ్య పక్కన చేరి మంచం కోడు పట్టుకుంది.

"గుమ్మం దాకా చాలు" అంది అత్తయ్య. "బయట మేం చూసుకుంటాం. నీకు ఇంట్లో మనిషున్నాడు."

పిన్ని వినపడనట్టు మంచాన్ని పక్కకి తిప్పింది. తిప్పగానే అది గుమ్మంలోంచి దూరింది. తిప్పిన వైపు పిన్నిది కావడంతో ముందుగా ఆవిడే వెనక్కి నడుస్తూ వీధిలోకి వచ్చింది. టీ కొట్టు దగ్గరి ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"వదిలెయ్యవే, చూస్తున్నారు!" అంది అత్తయ్య, వీధి వీధంతా వినేలా.

"ఊరుకో అక్కా, జారిపోతుంది!" అంది పిన్ని. ఆవిడా ఆ షెడ్డు మనిషే, గొంతుకి తక్కువేమీ లేదు. "మొన్న ఆ మాట అన్నప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. చూడనీ. మా ఆయనకి చెప్పే వచ్చాను."

అత్తయ్య ఇంకేమీ అనలేదు. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.

మంచం లారీ ఎక్కింది. మా ఆయన తాడు బిగించారు. పిన్ని చీర కొంగుతో మొహం తుడుచుకుంది, కుర్చీల దగ్గర నిలబడ్డ ఇద్దరినీ ఒకసారి చూసింది, తిరిగి మా ఇంట్లోకి వెళ్ళింది, బీరువా కోసం.